హెస్సె సంస్థానాధీశుడి రెండో పెళ్లి



సంస్కరణ దినము దగ్గర పడేసరికి మన సంఘసభ్యుల ఫోన్లలో కొన్ని వీడియోలు తిరగడం మామూలే. ఈసారి నలుగురైదుగురు మాకు పంపి అడిగినది ఒకటే ప్రశ్న: "భార్య బ్రతికి ఉండగానే ఒక రాజు రెండో పెళ్లి చేసుకోవడానికి లూథర్ గారు ఒప్పుకున్నారట, నిజమేనా అయ్యగారూ?"

నిజమే. వీడియోలో చెప్పినట్టు లూథర్ గారు దగ్గరుండి ఆ పెళ్లి జరిపించలేదు, అది ఒక్కటి తప్పు. కాని చెయ్యవచ్చునని వ్రాసిచ్చిన కాగితం మీద ఆయన సంతకం ఉన్నది. ఆయన ప్రక్కన మెలాంక్తన్ గారి సంతకం కూడా ఉన్నది. దాచిపెడితే దాగే సంగతి కాదు గనుక, ఎవరో ఎగతాళిగా చెప్పగా వినడం కంటే సంగతి మొత్తం మనమే కూర్చుని చదువుకోవడం మేలు అనుకొని ఇది వ్రాస్తున్నాము. కొంచెం పొడుగైనా ఓపికగా చదవండి.

ఆ మనిషి పేరు ఫిలిప్పు. జర్మనీ దేశము అప్పట్లో ఒకే రాజ్యము కాదు. పైన చక్రవర్తి, క్రింద వందల కొలది చిన్నా పెద్దా సంస్థానాలు. వాటిలో హెస్సె ఒకటి. దాని పాలకుడిని లాండ్‌గ్రేవ్ అంటారు. మన లెక్కలో సంస్థానాధీశుడు అనుకోండి. ఫిలిప్పు 1504 నవంబరులో మార్‌బుర్గ్‌లో పుట్టాడు. అయిదేళ్లు నిండకముందే తండ్రి పోయాడు. తల్లి అన్నా ఆ సంస్థానాన్ని నిలబెట్టుకు వచ్చింది. 1518లో, పదమూడేళ్ల కుర్రవాడికి, ఇక నీవు పెద్దవాడివయ్యావని చక్రవర్తి అధికారము అప్పగించాడు. పదమూడేళ్లకు "వద్దు" అని చెప్పేవాడు చుట్టూ ఎవడూ లేకుండా పోతే మనిషి ఎలా తయారవుతాడో, ఈ కథంతా చదివాక మీరే ఆలోచించుకోండి.

మనకు ఈయనతో ఏమి పని అంటారేమో. 1842లో ఫాదర్ హైయర్ గారు గుంటూరులో దిగి సువార్త పని మొదలుపెట్టిన నాటి నుండి మన తెలుగు లూథరన్ సంఘాలు తమ విశ్వాసానికి ఆధారముగా చెప్పుకునే పత్రము ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణము. 1530లో దానిని చక్రవర్తి ఎదుట ఉంచినప్పుడు క్రింద సంతకాలు చేసినది బోధకులు కాదు, పాలకులు. ఆ సంతకాలలో ఫిలిప్పుది ఒకటి. ఆ రోజున అలా సంతకము చెయ్యడమంటే ఆస్తిని, అధికారాన్ని, ఒక్కొక్కప్పుడు తలను కూడా పణముగా పెట్టడమే. ఆ ధైర్యము అతనికి ఉన్నది. దానిని మనము కాదనకూడదు.

అతడు చేసిన మంచి ఇంకా ఉన్నది. 1527లో మార్‌బుర్గ్‌లో విశ్వవిద్యాలయము పెట్టాడు. 1529లో, ప్రభు బల్ల విషయములో విడిపోయిన లూథర్ గారిని, స్విట్జర్లాండు సంస్కర్త జ్వింగ్లీ గారిని పిలిపించి తన కోటలో ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. పదిహేను అంశాలలో పద్నాలుగింటికి ఏకమయ్యారు, పదిహేనవది తెగలేదు. మూతబడిన మఠాల ఆస్తులను చాలామంది పాలకులు తమ ఖజానాలో కలుపుకుంటుంటే, ఇతడు 1533లో హైనా, మెర్క్స్‌హౌజెన్ మఠాలను పల్లెటూళ్ల బీదల కొరకు ఆసుపత్రులుగా మార్చాడు. పట్నము వాళ్లకు అప్పటికే ఏవో ఆశ్రయాలు ఉండేవి. ముసలివాళ్లు, కుంటివాళ్లు, మతిస్థిమితము లేనివాళ్లు ఉన్న పల్లె కుటుంబాలకే ఏ దిక్కూ లేదు. పల్లె సంఘాలలో సేవ చేసే మావంటి వారికి ఈ ఒక్క పని చూస్తే అతని మీద గౌరవము కలుగుతుంది. మత విశ్వాసము వేరైనందుకు అనాబాప్టిస్టులను పొరుగు సంస్థానాలలో నీళ్లలో ముంచి, నిప్పుల్లో వేసి చంపుతుంటే, తన గడ్డ మీద ఒక్కరిని కూడా చంపనివ్వలేదు.

రెండవ వైపు కూడా చెప్పాలి. 1525లో రైతులు తిరగబడినప్పుడు ఫ్రాంకెన్‌హౌజెన్ దగ్గర వారిని ఊచకోత కోసిన సైన్యాలలో ఇతని సైన్యము ఉన్నది. అప్పటికి ఇతనికి ఇరవై ఏళ్లు.

ఇక ఇంటి సంగతి. 1523 చివరిలో, పందొమ్మిదేళ్ల ఫిలిప్పుకు పొరుగున ఉన్న సాక్సనీ డ్యూకు జార్జి కుమార్తె క్రిస్టీనాను ఇచ్చి పెళ్లి చేశారు. ఆమెకు అప్పటికి పద్దెనిమిది నిండుతున్నాయి. రాచకుటుంబాల పెళ్లి అంటే రెండు సంస్థానాల ఒప్పందము. పిల్ల ఇష్టము, పిల్లవాడి ఇష్టము ఎవరూ అడగరు. మామ జార్జి కడవరకు రోమా సంఘము పక్షమే ఉండి లూథర్ గారికి గట్టి విరోధి. అల్లుడు పెళ్లయిన ఏడాదిలోపే సంస్కరణ వైపు తిరిగాడు. క్రిస్టీనా పుట్టింటికి, మెట్టినింటికి నడుమ ఆ గొడవలన్నీ మోస్తూ కాపురము చేసింది.

ఫిలిప్పు మొదటి నుండీ భార్యకు నమ్మకముగా లేడు. ఈ మాట అతని శత్రువులు పుట్టించినది కాదు, అతడే బోధకులకు వ్రాసి ఇచ్చినది. పెళ్లయిన కొద్ది వారాలకే తప్పు దారి పట్టానని అతడే ఒప్పుకున్నాడు. ఆ పాపములో ఉండి బల్ల దగ్గరకు రావడానికి మనస్సాక్షి ఒప్పక, ఏళ్ల తరబడి ప్రభు భోజనము తీసుకోలేదు. సంస్కరణకు నాయకుడు, సంఘాలకు క్రమము వ్రాయించినవాడు, ఆదివారము ఆరాధనలో బల్ల వేసేసరికి వెనుకకు తగ్గిపోయేవాడు. మన మందిరాలలో కూడా బల్ల ఆదివారము నాడు చివరి పాటకు ముందే చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయేవారిని మేము చూస్తుంటాము. వారందరూ భక్తి లేనివారని మేము అనుకోము. కొందరికి భయము ఉన్నందువల్లనే వెళ్లిపోతారు.

ఫిలిప్పు దగ్గర ఆ భయము నిజమైనదే అని మా నమ్మకము. అయితే ఆ భయము అతడిని పాపము మానడానికి కాక, పాపానికి వేరే పేరు వెదకడానికి నడిపించింది. 1526లోనే లూథర్ గారిని అడిగాడు: అబ్రాహాముకు, యాకోబుకు, దావీదుకు ఒకరికంటే ఎక్కువమంది భార్యలు ఉన్నారు కదా, క్రైస్తవుడు అలా చేసుకోవచ్చునా? లూథర్ గారు వద్దన్నారు. పితరులు చేశారన్నంత మాత్రాన చాలదు, గొప్ప అవసరము లేనిదే అటువంటిది తగదని జవాబు వ్రాశారు. అప్పటికి ఆ సంగతి ఆగింది.

1539కి ఫిలిప్పుకు ముప్పై నాలుగేళ్లు. సుఖవ్యాధి తగిలి మంచము పట్టాడు. లేచాక తన అక్క, రోఖ్‌లిట్జ్‌లో ఉండే ఎలిజబెత్ కొలువులో మార్గరెతె ఫాన్ డెర్ సాలె అనే పదిహేడేళ్ల అమ్మాయిని చూశాడు. ఎలిజబెత్ వితంతువు, ఆమె దగ్గర ఊడిగముగా ఉన్న చిన్నపాటి దొరల బిడ్డ మార్గరెతె. ఉంపుడుగత్తెగా ఉంచుకోవడానికి అప్పటి పాలకులలో ఎవరూ వెనుదీయరు, లోకము కూడా చూసీ చూడనట్టు ఉండేది. కాని ఆ పిల్ల తల్లి అన్నా ఫాన్ డెర్ సాలె గట్టి మనిషి. పెళ్లి అయితేనే ఇస్తాను, అదీ పెద్దమనుషులు సాక్షులుగా ఉండాలి, నీ మొదటి భార్య ఒప్పుకోవాలి అన్నది. ఆ తల్లిని కొందరు ఆశపోతు అని వ్రాశారు. మాకు మాత్రము, ఒక మహా బలవంతుడు ఇంటి గుమ్మములో నిలబడి ఆడపిల్లను అడుగుతుంటే ఆమె చేతిలో ఉన్నది ఆ షరతు ఒక్కటే అనిపిస్తుంది.

అప్పుడు ఫిలిప్పు మార్టిన్ బ్యూసర్ గారి సహాయము తీసుకున్నాడు. బ్యూసర్ గారు స్ట్రాస్‌బుర్గ్ సంస్కర్త. అంతకు ఏడాది క్రితమే, 1538 చివరిలో, ఫిలిప్పు పిలుపు మీద హెస్సె వచ్చి త్సీగెన్‌హైన్ అనే కోట ఊరిలో కూర్చుని సంఘ క్రమశిక్షణ పత్రము ఒకటి తయారు చేశారు. అనాబాప్టిస్టులు "మీ సంఘాలలో క్రమశిక్షణ లేదు, ఎవడు ఎలా బ్రతికినా బల్ల ఇస్తారు" అని నిందిస్తుంటే దానికి జవాబుగా పుట్టినదది. ప్రతి సంఘములో పెద్దలను ఏర్పాటు చెయ్యాలి, సభ్యుల నడత చూడాలి, చిన్నప్పుడు బాప్తిస్మము పొందిన పిల్లలకు ప్రశ్నోత్తరాలు నేర్పి, సంఘము ఎదుట నిలబెట్టి, తలమీద చేతులుంచి ప్రార్థించి బల్లకు చేర్చాలి అని ఆ క్రమములో ఉన్నది. అవును, మన పిల్లలు తెల్లబట్టలు కట్టుకుని నిలబడే కన్ఫర్మేషన్‌కు మూలము చాలా వరకు ఆ త్సీగెన్‌హైన్ కాగితమే. ఆ ఊరి పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇతరుల నడతను సంఘపెద్దలు చూడాలని క్రమము అమలు చేయించిన ఏలిక, ఆ క్రమము వ్రాసిన బోధకుడినే తన రెండో పెళ్లికి రాయబారిగా విట్టెన్‌బర్గ్ పంపించాడు.

1539 డిసెంబరు మొదటి వారములో బ్యూసర్ గారు ఫిలిప్పు ఇచ్చిన చీటీతో లూథర్, మెలాంక్తన్ గార్ల ఇంటికి వెళ్లారు. అందులో మూడు రకాల మాటలు ఉన్నవి. ఒకటి, కన్నీళ్లు: నేను ఈ స్థితిలో బ్రతకలేను, యుద్ధములో చస్తే నా ఆత్మ నశిస్తుంది. రెండు, వాక్యము: పితరుల ఉదాహరణలు, క్రొత్త నిబంధనలో నిషేధము సూటిగా ఎక్కడున్నదో చూపండి అన్న సవాలు. మూడవది నెమ్మదిగా వేసిన మాట: మీరు సహాయము చెయ్యకపోతే నేను చక్రవర్తి దగ్గరకు వెళ్లి అనుమతి తెచ్చుకోవలసి వస్తుంది. అప్పుడు సంస్కరణ సంఘాలన్నిటినీ కాపాడుతున్న ష్మాల్‌కాల్డెన్ కూటమికి ఇద్దరే నాయకులు. ఒకడు సాక్సనీ ఎలెక్టరు జాన్ ఫ్రెడరిక్. రెండవవాడు ఫిలిప్పు. ఆ రెండవ స్తంభము ప్రక్కకు జరిగితే పైకప్పు ఎవరి నెత్తిన పడుతుందో విట్టెన్‌బర్గ్ వారికి తెలుసు.

డిసెంబరు 10న జవాబు వ్రాసి సంతకాలు పెట్టారు. ఆ జవాబును మేము నిందించడానికి ముందు న్యాయముగా చూడాలని ప్రయత్నించాము. దేవుడు వివాహమును ఇద్దరి కొరకే ఏర్పరచాడని అందులో మొదట ఉన్నది. రెండు పెళ్లిళ్లను చట్టముగా ఎన్నటికీ తేకూడదని ఉన్నది. వ్యభిచారము మానమని, దేవునికి భయపడమని హెచ్చరిక ఉన్నది. ఇవన్నీ చెప్పిన తరువాత, అయినా తప్పదు అనుకుంటే, ఒక మనిషి మనస్సాక్షికి మినహాయింపుగా చేసుకోవచ్చు, కాని రహస్యముగా ఉంచాలి. ఆ స్త్రీ, నమ్మకమైన కొద్దిమంది మాత్రమే ఎరిగి ఉండాలి. అదీ పాపపు ఒప్పుకోలులో చెప్పిన మాట వలె భద్రముగా ఉండాలి. బయటివారు ఆమెను ఉంపుడుగత్తె అనుకుంటే అనుకోనివ్వండి, పాలకులకు అది మామూలే గదా, అని వ్రాశారు.

ఆఖరి మాట దగ్గర మేము ఆగిపోయాము. ఆ పిల్ల తల్లి ఏ పేరు తన బిడ్డకు రాకూడదని పోరాడిందో, ఆ పేరే ఆమెకు కప్పుగా వాడుకోమని సలహా.

మా దృష్టిలో అసలు తప్పు ఒప్పుకోలు అన్న మాటను వాడిన తీరులో ఉన్నది. కాపరి ఎదుట మనిషి తన గుండె విప్పి చెప్పుకున్నది కాపరి ఎవరికీ చెప్పకూడదు. ఆ మూత ఉన్నది జరిగిపోయిన పాపము కోసము, విరిగి నలిగిన వాడి కోసము. రాబోయే మార్చిలో చేయబోయే పనికి ముందుగా ఆ మూత తెచ్చి కప్పడము ఒప్పుకోలు కాదు, ఒప్పందము. 2 సమూయేలు 12లో నాతాను దావీదు దగ్గరకు తనంతట తాను వెళ్లాడు. ఇక్కడ దావీదే నాతాను ఇంటికి కబురు పంపి, ప్రశ్న తానే వ్రాసి, జవాబు ఎలా ఉండాలో కూడా సూచించాడు. ఊరి సంఘాలలో సేవ చేసినవారికి ఇది క్రొత్త కాదు. మందిరానికి స్థలము ఇచ్చిన ఇంటివారు, స్లాబు వేయించినవారు, జీతము కూడదీసి పంపేవారు వచ్చి "అయ్యగారూ, మీరు ఒక్క ప్రార్థన చేస్తే చాలు" అంటారు. ఆ ఒక్క ప్రార్థన దేనికి ముద్ర అవుతుందో ఇరువురికీ తెలుసు.

తరువాత 1540 జూనులో లూథర్ గారు తమ ఎలెక్టరుకు వ్రాస్తూ, ఎష్‌వెగెలో ఫిలిప్పు అంతకు ముందే మరొక స్త్రీని పెట్టుకున్న సంగతి తెలిసి ఉంటే ఈ సలహా ఇచ్చి ఉండేవాడిని కానన్నారు. అంటే కన్నీళ్లు పంపించినప్పుడు అన్ని వివరాలూ పంపలేదన్నమాట.

ఇప్పుడు క్రిస్టీనా దగ్గరకు వద్దాము. డిసెంబరు 11న, అంటే విట్టెన్‌బర్గ్‌లో సంతకాలు పడిన మరునాడు, ఆమె తన ఇంట్లో ఒక కాగితము మీద సంతకము చేసింది: నా భర్త మరొక స్త్రీని వివాహమాడడానికి నాకు అభ్యంతరము లేదు, అయితే నేనే మొదటి భార్యను, రాజ్యము నా పిల్లలకే చెందాలి. అప్పటికి ఆమెకు ఏడు కాన్పులు అయ్యాయి. ఆఖరి బిడ్డకు ఇంకా ఏడాది నిండలేదు. పుట్టింట్లో గట్టి మాట చెప్పగల తండ్రి జార్జి ఆ ఏప్రిల్‌లోనే చనిపోయాడు.

చరిత్ర పుస్తకాలలో ఆమెను గూర్చి ఏముందో వెదికితే ఎక్కువ భాగము ఫిలిప్పు చెప్పినదే దొరుకుతుంది: ఆమెతో తనకు మనసు కలవలేదని, అందము లేదని, దగ్గర దుర్వాసన అని, ఒక్కొక్కసారి ఎక్కువ త్రాగుతుందని. ఎవరికి చెప్పాడు? రెండో పెళ్లికి అనుమతి ఇవ్వవలసిన వారికి. ఒక్క పక్షము సాక్ష్యము మీద తీర్పు చెప్పకూడదని మనము సంఘ కమిటీలో చిన్న గట్టు తగాదా వచ్చినా అంటాము. ఈ తగవులో ఆమెను పిలిచి అడిగిన బోధకుడు ఒక్కడూ లేడు. విట్టెన్‌బర్గ్ నుండి ఆమెకు ఒక్క ఉత్తరము వెళ్లిన జాడ మాకు కనబడలేదు. మనసు కలవలేదన్న భార్యకే ఆ తరువాత మరి ముగ్గురు బిడ్డలు, 1541లో, 1543లో, 1547లో పుట్టారు. అమ్మలారా, ఆమె సంతకము వెనుక ఏమున్నదో మాకంటే మీరే బాగా గ్రహించగలరు.

1540 మార్చి 4న ఫుల్డా నది ఒడ్డున ఉన్న రోటెన్‌బర్గ్ కోటలో ఆస్థాన బోధకుడు డయోనీసియస్ మెలాండర్ ఫిలిప్పుకు, మార్గరెతెకు పెళ్లి చేశాడు. బ్యూసర్ గారు ఉన్నారు. మెలాంక్తన్ గారు కూడా ఉన్నారు, పాపము ఆయనను ఎందుకని చెప్పకుండానే పిలిపించారు. సాక్సనీ ఎలెక్టరు తరపున ఒక అధికారి హాజరయ్యాడు. పెళ్లి అయ్యాక ఫిలిప్పు కృతజ్ఞతగా లూథర్ గారికి ఒక బండెడు రైన్ ద్రాక్షారసము పంపాడు. మే నెలలో లూథర్ గారు అందినదని జవాబు వ్రాశారు. ఆ ద్రాక్షారసము విషయము చదివినప్పుడల్లా మాకు కొంచెం సిగ్గు వేస్తుంది.

రహస్యము మూడు నెలలు కూడా నిలవలేదు. ఫిలిప్పు అక్క ఎలిజబెత్‌కు తెలిసింది, ఆమె మండిపడింది, కొలువు కొలువుకూ కబురు ప్రాకింది. డ్రెస్డెన్‌లో రాజ్యమేలుతున్న క్రిస్టీనా చిన్నాన్న హెన్రీ డ్యూకు మార్గరెతె తల్లిని పట్టి తెప్పించి సంగతి రాబట్టాడు. వేసవి వచ్చేసరికి జర్మనీ అంతా ఇదే మాట. రోమా పక్షము వారికి పండుగ. అదీగాక ఇది నవ్వులాట మాత్రమే కాదు, నేరము. 1532లో చక్రవర్తి తెచ్చిన శిక్షాస్మృతిలో ఇద్దరు భార్యలను పెళ్లాడినవాడికి కఠిన శిక్ష ఉన్నది.

మెలాంక్తన్ గారు మొదట కూలిపోయారు. హాగెనౌలో జరిగే సమావేశానికి వెళ్తూ జూనులో వైమార్ చేరేసరికి సిగ్గుతో, దిగులుతో జబ్బుపడి, అన్నము మాని, మరణము దాకా వెళ్లారు. లూథర్ గారు బండిలో వచ్చి చూస్తే కళ్లు తేలిపోయి ఉన్నవి, మనిషిని గుర్తు పట్టలేదు. కిటికీ వైపు తిరిగి లూథర్ గారు చేసిన ప్రార్థన మన ప్రసంగాలలో తరచు వింటుంటాము. ప్రార్థనకు జవాబుగా మెలాంక్తన్ గారు లేచి కూర్చున్నారనీ చెప్తాము. అంతటి భక్తుడు ఆ పడకకు ఎందుకు చేరాడో మాత్రము ఆ ప్రసంగాలలో ఎవరమూ చెప్పము.

జూలైలో ఐసెనాఖ్‌లో సాక్సనీ వారు, హెస్సె వారు కూర్చున్నారు. ఏమి చెయ్యాలి? లూథర్ గారి సలహా: పెళ్లి జరగలేదని చెప్పండి. సంఘము మేలు కోసము ఒక గట్టి అబద్ధము ఆడితే దేవుడు పట్టించుకోడన్న అర్థము వచ్చేటట్లు మాట్లాడారు. ఒప్పుకోలులో చెప్పినది బయటపెట్టకూడదు గనుక లేదనడమే సరి అని ఆయన వాదన. దానికి ఫిలిప్పు ఒప్పుకోలేదు. అబద్ధము ఆడను, అపొస్తలులెవరూ అలా నేర్పలేదు అని తిరిగి వ్రాశాడు. ఈ కథలో మమ్ములను ఎక్కువ ఇబ్బంది పెట్టే చోటు ఇదే. వ్యభిచారి సత్యము పక్షాన నిలబడ్డాడు, విశ్వాసవీరుడు అబద్ధము ఆడమన్నాడు. ఫిలిప్పుకు అందులో స్వార్థము లేదనలేము. లేదంటే మార్గరెతెకు, ఆమె తల్లికి ఇచ్చిన మాట పోతుంది. అయినా ఆ జవాబు సరియైన జవాబే. 1541లో ఒక హెస్సె బోధకుడు, లెనింగ్ అనేవాడు, మారుపేరు పెట్టుకుని రెండు పెళ్లిళ్లు ధర్మమే అని పుస్తకమే అచ్చు వేశాడు. లూథర్ గారికి అది చూసి ఒళ్లు మండింది. చీకట్లో ఒకనికి ఇచ్చిన మినహాయింపు వెలుగులోకి వచ్చేసరికి అందరికీ సిద్ధాంతము కాబోయింది.

మూల్యము ఎవరు చెల్లించారో చూడండి. సాక్సనీ ఎలెక్టరు, మిగతా మిత్రులు ఈ విషయములో ఫిలిప్పును కాపాడము అన్నారు. శిక్ష భయముతో ఫిలిప్పు 1541 జూన్ 13న రేగెన్స్‌బుర్గ్‌లో ఐదవ చార్లెస్ చక్రవర్తితో రహస్య ఒడంబడిక చేసుకున్నాడు. పాత నేరాలకు చక్రవర్తి క్షమాపణ. దానికి బదులు ఫిలిప్పు ఫ్రాన్సుతో గాని ఇంగ్లండుతో గాని పొత్తు పెట్టుకోడు, కూటమిలో చేరాలని తలుపు తడుతున్న క్లీవ్స్ డ్యూకును చేర్చుకోనివ్వడు. రెండేళ్లకు చక్రవర్తి క్లీవ్స్ మీద పడితే ఆ డ్యూకు వైపు ఎవరూ కదలలేదు. ఎవరూ లేచి రారని చక్రవర్తికి ముందే తెలుసు.

1546లో యుద్ధము వచ్చింది. 1547 ఏప్రిల్ 24న మ్యూల్‌బెర్గ్ దగ్గర జాన్ ఫ్రెడరిక్ పట్టుబడ్డాడు. చక్రవర్తి పక్షాన పోరాడినవారిలో ఫిలిప్పు సొంత అల్లుడు, క్రిస్టీనా పెద్ద కూతురి మొగుడు, మారిస్ ఉన్నాడు. లొంగిపోతే చెరసాల ఉండదని మారిస్, బ్రాండెన్‌బుర్గ్ ఎలెక్టరు హామీ ఇచ్చారు. జూన్ 19న హాల్లె పట్నములో ఫిలిప్పు చక్రవర్తి ముందు మోకాళ్లూనాడు. ఆ రాత్రే పట్టి ఉంచారు. ఐదేళ్లు విడవలేదు. ఊరూరా త్రిప్పి నెదర్లాండ్స్‌లో ఔడెనార్డెలో, మెఖెలెన్‌లో బంధించారు. 1550లో పారిపోవాలని చూసి దొరికిపోయాడు. చెరలో ఉండగా, బయటపడాలన్న ఆశతో, చక్రవర్తి తెచ్చిన మధ్యకాలపు మతవిధానానికి కూడా తల వంచడానికి సిద్ధపడ్డాడు. హెస్సె పల్లెల కాపరులు మాత్రము ఒప్పుకోలేదు. వారి పేర్లు మనకు ఎవరూ నేర్పలేదు గాని, ఆ సంఘాలను నిలబెట్టినది వాళ్లే.

అతడు చెరలో ఉన్నప్పుడు ఇల్లు, రాజ్యము చూచినది ఎవరు? క్రిస్టీనా. పెద్దకొడుకు విల్హెల్ముకు పదిహేనేళ్లు. వాడిని ప్రక్కన పెట్టుకుని, మంత్రులతో కలిసి పరిపాలన నడిపింది, భర్త విడుదలకు ప్రాధేయపడింది. 1549 ఏప్రిల్ 15న కాసెల్‌లో కన్నుమూసింది. వయసు నలభై మూడు. భర్త ఇంటికి తిరిగి వచ్చేది 1552లో.

మార్గరెతె స్పాంగెన్‌బెర్గ్ కోటలో బ్రతికింది. తొమ్మిదిమంది పిల్లలు. రాజధానిలో రాణిగా ఆమె ఏనాడూ కూర్చోలేదు. క్రిస్టీనా పోయాక కూడా కూర్చోలేదు. ఆమె మగపిల్లలకు డీట్జ్ కౌంట్లు అని బిరుదు, కొన్ని గ్రామాలు ఇచ్చాడు తండ్రి. రాజ్యము మాత్రము, క్రిస్టీనా కాగితములో వ్రాయించుకున్నట్టే, ఆమె నలుగురు కొడుకులకు నాలుగు ముక్కలుగా పంచాడు. హెస్సె మళ్లీ అంత బలముగా ఎప్పుడూ లేవలేదు. డీట్జ్ అన్నదమ్ములలో ఒక్కడికీ వంశము నిలవలేదు. వారిలో క్రిస్టోఫ్ ఎర్న్‌స్ట్ అనేవాడు స్త్రీలను ఎత్తుకుపోయి చెరచిన నేరానికి 1570లో పట్టుబడ్డాడు. క్రిస్టీనా కొడుకులే అతడిని బంధించారు. 1603లో చచ్చేదాకా కోటలోనే, ముప్పై మూడేళ్లు ఉంచారు. ఆ కోట ఉన్నది త్సీగెన్‌హైన్‌లో.

తండ్రుల పాపము, బిడ్డల దండన అని ఇక్కడ ఒక పెద్ద ప్రసంగము చెయ్యడము తేలిక. మేము చెయ్యము. క్రిస్టోఫ్ ఎర్న్‌స్ట్ చేసినది అతడే చేశాడు, అతని తల్లి చెయ్యలేదు. పదిహేడేళ్ల వయసులో పెద్దలందరూ కూర్చుని ఆమె బ్రతుకును రహస్యముగా ఉంచాలని తీర్మానించారు. ఆమెను గూర్చి మాకు తెలిసిన నేరము అంతకంటే లేదు.

ఇక మొదటి ప్రశ్నకు మళ్లీ వస్తే, ఆ వీడియో పంపినవారు మరొకటి కూడా అడిగారు: అలాంటివాడు సంతకము చేసిన విశ్వాస ప్రమాణము మనకెందుకు అని. ఆ ప్రమాణములో వ్రాసినది ఫిలిప్పు మంచివాడని కాదు. మనిషి తన మంచితనము వల్ల నీతిమంతుడు కాడని నాలుగవ అంశములో ఉన్నది. ఆ క్రింద సంతకము చేసినవారిలో ఆ మాట అందరికంటే ఎక్కువ అవసరమైనవాడు బహుశా ఇతడే. దానిని చేత పట్టుకుని కూడా, పది సంవత్సరాల తరువాత, క్షమాపణ అడగవలసిన చోట అనుమతి అడిగాడు. ఇచ్చినవారు ఇచ్చారు. లూథర్ గారి పాటలు మనము మానము, ఆయన చిన్న ప్రశ్నోత్తరాలు పిల్లలకు నేర్పడము మానము. ఈ డిసెంబరు 10 సంగతి దాచడము మానేద్దాము. పిల్లలు ఎలాగూ ఫోన్లో చూస్తారు.

మార్గరెతె 1566 జూలైలో స్పాంగెన్‌బెర్గ్‌లో చనిపోయింది, అక్కడి ఊరి మందిరములోనే పాతిపెట్టారు. ఫిలిప్పు 1567 మార్చి 31న కాసెల్‌లో చనిపోయాడు. కాసెల్ సెయింట్ మార్టిన్ మందిరములో అతనికి, క్రిస్టీనాకు కలిపి పెద్ద స్మారకము కట్టించారు. రాతిలో ఇద్దరూ ప్రక్కప్రక్కన నిలబడి ఉంటారు. పల్లెల బీదల కొరకు అతడు తెరిపించిన హైనా ఆసుపత్రిలో నేటికీ మానసిక రోగులకు వైద్యము జరుగుతున్నది.